పురిటి లెక్క

గుంటూరులో విమానం టికెట్ల కొట్టు నడిపే ఖాజావలి అన్నీ ఫోన్లోనే చెప్పే మనిషి. కొట్టు వదిలి కదిలేవాడే కాదు. అలాంటివాడు ఆ మధ్యాహ్నం మండుటెండలో బండేసుకుని, ప్రత్తిపాడు దాటి, కాలవ పక్కనున్న చిన్న పల్లెకి వచ్చి, చర్చి వెనకాల ఎలీసమ్మ ఇంటి ముందు ఆగేసరికి ఆమె కూతురు దేవకుమారి మడతపెడుతున్న చీర వదిలేసి లేచి నిలబడింది!

ఇంట్లో అప్పటికే పెళ్ళింటి లాంటి సందడి. గురువారమే ప్రయాణం! నట్టింట్లో రెండు సూటుకేసులు మూతలు తెరుచుకుని ఉన్నాయి. ఒకదాన్నిండా దేవకుమారి చీరలు, పాప గౌన్లు. రెండోదాన్నిండా ఎలీసమ్మ తన చేత్తో దంచిన కారం, గోంగూర పచ్చడి, కందిపొడి, గల్ఫ్‌లో ఉన్న అల్లుడు ఫిలిప్‌కి ఇష్టమని వండిన అరిసెలు... ఎలీసమ్మ గడప దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని, ఐదో నెల పిల్ల కెజియాని వాటి మీద బోర్లా పడుకోబెట్టి కొబ్బరినూనె రాస్తోంది. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషి ఎలీసమ్మ. గోడౌన్లలో మిరపకాయల తొడిమలు తీసి కూతుర్ని డిగ్రీ చదివించింది. అయినా కూతురు పురిటికి వచ్చిన రోజు నుంచీ ఆ పని మానేసింది. మిరప ముట్టిన చేతుల మంట ఎన్నిసార్లు కడిగినా పోదు. ఆ చేతులతో పసిబిడ్డను ఎత్తుకుంటే ఒళ్ళంతా కందిపోతుంది. "పస్తులైనా ఉంటాను గానీ నా మనవరాలికి మిరప చేతులు తగలనివ్వను" అని ఊళ్ళో అందరికీ చెప్పుకుంది.

"రా ఖాజా బాబూ! ఇంత ఎండలో వచ్చావేంటి? టికెట్లు తెచ్చావా?" అంది సంబరంగా.

ఖాజావలి చెంబెడు నీళ్ళూ గటగటా తాగాడు. దేవకుమారి మొహం వంక చూడలేకపోయాడు.

"పిన్నీ... టికెట్లు ఆపేశాను."

"అదేంటి అన్నయ్యా?" అంది దేవకుమారి.

"పాప వీసా కోసం ఫిలిప్ నిన్న అక్కడి ఆఫీసుకి వెళ్ళాడంట చెల్లెమ్మా. వాళ్ళు కంప్యూటర్లో చూసి, బిడ్డ సంగతి తర్వాత, ముందు తల్లి కార్డే రద్దయిపోయింది అన్నారంట. ఆర్నెల్లకి మించి ఆ దేశం బయట ఉంటే అక్కడ ఉండే హక్కు పోతుందట. నీకు చెప్పడానికి నోరు రాక నాకు ఫోన్ చేశాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడమ్మా!"

ఎలీసమ్మకి ఆ మాటలు తలకెక్కలేదు. "ఆర్నెల్లు ఎక్కడయిందయ్యా? పురుడొచ్చి ఇది ఐదో నెలేగా! ఆర్నెల్లలోపు పంపమన్నాడు మా అల్లుడు, ఐదో నెలకే పంపిస్తున్నాం కదా!"

"లెక్క పురిటి నుంచి కాదు పిన్నీ... దేవకుమారి అక్కడ విమానం ఎక్కిన రోజు నుంచి."

ఎలీసమ్మ చెయ్యి పాప వీపు మీదే ఆగిపోయింది. ఏడో నెల కడుపుతో వచ్చింది కూతురు. ఆ నెలలూ ఈ నెలలూ కలిపితే ఆరు ఎప్పుడో దాటిపోయాయి! అయ్యో, బాలింత ఉన్న ఇంట్లో కాలాన్ని ఎవరైనా దేన్నుంచి లెక్కపెడతారమ్మా? పురిటి స్నానం, ఉయ్యాల, బిడ్డ బోర్లాపడటం, బాలింత గడప దాటడం... సమస్తమూ పురిటి నుంచే! 'ఆర్నెల్ల లోపు' అని ఫిలిప్ అన్నప్పుడు ఎలీసమ్మ అలాగే లెక్కేసుకుంది. దేవకుమారీ అలాగే లెక్కేసుకుంది. 'ఐదో నెలకి పంపిస్తాం నాయనా' అంటే, అలాంటి ఇంట్లోనే పుట్టి పెరిగిన ఫిలిప్ కూడా 'సరే అత్తమ్మా' అన్నాడు. తప్పు ఒక్కరిది కాదు. కానీ శిక్ష మాత్రం ఒక్క ఆడకూతురి కాపురం మీద పడింది!

అసలు ఆ కాపురం కోసం దేవకుమారి ఎంత ఎదురుచూసిందని! పెళ్ళయిన మూడో నెలలోనే ఫిలిప్ ఏసీ మెకానిక్‌గా గల్ఫ్‌కి వెళ్ళాడు. భార్యను తీసుకెళ్ళాలంటే ఇంత జీతం ఉండాలని అక్కడొక గీత గీశారు. ఆ గీత అందుకోవడానికి అతనికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ దేవకుమారి చర్చి బడిలో పిల్లలకి పాఠాలు చెబుతూ, ఎవరు ఏమన్నా తలవంచుకుని నడిచింది. "ఇంకా కడుపు పండలేదా?" అని ఒకరు, "డాక్టరుకి చూపించుకోకపోయావా?" అని ఇంకొకరు! మొగుడు సముద్రానికి అవతల ఉంటే కడుపెలా పండుతుందమ్మా? అడిగేవాళ్ళకి ఆపాటి తెలియదా? తెలుసు! తెలిసే అడుగుతారు! ఆఖరికి ఫిలిప్ జీతం ఆ గీత దాటిన రోజున సంఘమంతా చప్పట్లు కొట్టి పాటలు పాడింది. దేవకుమారి వెళ్ళింది. నాలుగో అంతస్తులో ఒకే ఒక గది, ఇరుకు వంటిల్లు, ఎండ తగలకుండా తను స్వయంగా కుట్టి కిటికీకి కట్టుకున్న ఆకుపచ్చ కర్టెను... అదే ఆమెకి స్వర్గం! సాయంత్రం ఫిలిప్ మెట్లెక్కే చప్పుడు వినగానే టీ నీళ్ళు పొయ్యిమీద పెట్టేది. ఏడాది తిరక్కుండానే నెల తప్పింది.

"ఇక్కడే ఆసుపత్రి ఉంది దేవీ, ఇక్కడే కందువుగాని" అన్నాడు ఫిలిప్. "తొలిచూలు కాన్పు పుట్టింట్లో కాకపోతే ఇంక నేనెందుకే బతికుండటం!" అని ఎలీసమ్మ ఫోన్లో గోల పెట్టింది. నిజం చెప్పొద్దూ, దేవకుమారికీ అమ్మ దగ్గరికే రావాలనిపించింది. కాన్పు భయం, అమ్మ చేతి చారన్నం మీద ఆశ... వచ్చేసింది. మూడో నెల రాగానే ఫిలిప్ మళ్ళీ అడిగాడు. "మనం ముహూర్తాలు చూసేవాళ్ళం కాదు నాయనా, దేవుని బిడ్డలం. కానీ మూడో నెల పిల్లను మాత్రం నేను గడప దాటనివ్వను. ఐదో నెల రానీ" అని ఎలీసమ్మ పట్టిన పట్టు వదల్లేదు.

దానికి తోడు ఇప్పుడు ఖాజావలి ఇంకో మాట కూడా చెప్పాడు. మళ్ళీ మొదటినుంచి వీసా పెట్టాలంటే పాత గీత చెల్లదట. ఈమధ్యే పెంచేశారట! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, నాలుగేళ్ళు ఎక్కిన మెట్లన్నీ ఒక్కసారిగా కూలిపోయాయి. దేవకుమారి గోడకి ఆనుకుని అలాగే కూలబడింది.

మర్నాడు పొద్దున్నే కనిగిరి బస్సు దిగి అత్తగారు పుల్లమ్మ వచ్చింది. పుల్లమ్మ బాప్తిస్మం తీసుకుంది గానీ పేరూ మార్చుకోలేదు, నోరూ మార్చుకోలేదు. వాకిట్లోనుంచే మొదలుపెట్టింది.

"ఏందొదినా! కూతుర్ని కొంగున కట్టుకున్నావంటనే! నీ ముద్దు తీరిందా? అక్కడ నా కొడుకు ఒంటరి పక్షిలా పడుండాలా? వాడి బిడ్డను వాడు ఎప్పుడు చూసుకోవాలా? ఐదో నెలంట, ఐదో నెల! ఏ బైబుల్లో రాసుందొదినా ఐదో నెలని?"

ఎలీసమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని, ఒక్కొక్క మాటే మింగుతూ కూర్చుంది. కూతురు ఒక్క మాటైనా తన వైపు మాట్లాడుతుందేమోనని మధ్యలో ఒక్కసారి కళ్ళెత్తి చూసింది. ఆ చూపుకే దేవకుమారి లోపల కట్ట తెగింది. రాత్రంతా దిగమింగిన ఏడుపు ఒక్కసారిగా పైకి వచ్చింది.

"నా వంక చూస్తావేంటమ్మా? అత్తమ్మ అన్నదాంట్లో అబద్ధం ఏముంది? నువ్వే! నువ్వే నా కాపురం కూల్చావు! మూడో నెలలో పంపమని ఆయన ఎంత బతిమాలారు! పంపావా? నీ పంతం నెగ్గించుకున్నావు... ఇప్పుడు సంతోషమేనా? నీ కూతురు, నీ మనవరాలు... ఇద్దర్నీ జీవితాంతం కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసుకో!"

ఆ మాటకి పుల్లమ్మే నోరు మూసేసింది. ఎలీసమ్మ మెల్లగా లేచి, పాపను తెచ్చి కూతురి పక్కన పడుకోబెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే ఎలీసమ్మ సద్ది కట్టుకుని గోడౌన్ పనికి వెళ్ళే ఆటో ఎక్కేసింది. కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన మిరపకాయలు ఏడాది పొడుగునా ఉంటాయి, తొడిమలు తీసే పనికీ లోటుండదు. సాయంత్రం దగ్గుతూ, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది. కెజియా అమ్మమ్మను చూసి చేతులు చాపి కేరింతలు కొట్టింది. "వద్దమ్మా వద్దు... మిరప చేతులు" అంటూ ఎలీసమ్మ దూరంగా జరిగిపోయింది. ఆ రోజే కాదు, ఆ మర్నాడూ అంతే, ఆ వారమంతా అంతే... మనవరాల్ని ముట్టుకోకుండా ఉండటానికే ఆ పనికి పోతోందని దేవకుమారికి అర్థమైంది. అర్థమైనా "అమ్మా" అని పిలవడానికి నోరు రాలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆ తల్లీకూతుళ్ళు ఒకే కప్పు కింద, ఒకే చాప మీద, ఒకరికొకరు పరాయివాళ్ళైపోయారు.

అక్కడ ఫిలిప్ చేయని ప్రయత్నం లేదు. పగలు ఒక చోట, సాయంత్రాలు ఇంకో చోట పనిచేశాడు. "చేతికి వస్తున్నది చూస్తే గీత దాటేసినట్టే దేవీ... కానీ ఓవర్‌టైం లెక్కలోకి రాదంట. అసలు జీతం ఒక్కటే చూస్తారంట" అన్నాడు ఒకరోజు ఫోన్లో. ఫోను తెర మీద అతని బుగ్గలు పీక్కుపోయి కనిపించాయి. "అన్నం తింటున్నారా?" అని అడిగితే, నవ్వి పాపను చూపించమన్నాడు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారి భార్య లేచి, "ప్రభువా, ఫిలిప్ తమ్ముడి అసలు జీతం పెంచు తండ్రీ!" అని ప్రార్థిస్తే, సంఘమంతా "ఆమెన్" అంది. వెనక బెంచీలో ఎలీసమ్మ ముసుగు మొహం మీదకి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది.

నవంబరులో సమాధుల పండగ వచ్చింది. ఆ సాయంత్రం ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళన్నీ ఖాళీ! అందరూ తమవాళ్ళ సమాధులకి సున్నం వేసి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. దేవకుమారి పాపను చంకనేసుకుని తండ్రి సమాధి దగ్గరికి వచ్చింది. అమ్మ అక్కడ లేదు. కాస్త అవతల, జానెడు ఎత్తుకూడా లేని ఒక చిన్న గుట్ట ముందు కూర్చుని ఉంది. అది అక్క సమాధి. తనకన్నా ముందు ఒక అక్క పుట్టి పోయిందని దేవకుమారికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఎలా పోయిందో ఎప్పుడూ అడగలేదు. అమ్మ వేళ్ళతో సున్నం అద్దుతుంటే, ఆ వేళ్ళు పగిలి, నెత్తురు చాళ్ళు కట్టి కనిపించాయి.

"అమ్మా... అక్క ఎన్నో నెలలో పోయింది?"

ఎలీసమ్మ సమాధితోనే చెబుతున్నట్టుగా చెప్పింది.

"మూడో నెల నిండింది. మా అమ్మకి జరుగుబాటు లేక తొందరగా అత్తారింటికి పంపేసింది. మిరపకోతల కాలం... వెళ్ళిన మర్నాడే కళ్ళానికి రమ్మన్నారు. బిడ్డను చెట్టుకి ఉయ్యాల కట్టి పడుకోబెట్టాను. పాలకి ఏడిస్తే మిరప చేతులతోనే ఎత్తుకున్నాను తల్లీ... ఒళ్ళు మంట అని ఏడుస్తోంది అనుకున్నాను. కాదు, జ్వరం! ఎండకి ఒళ్ళు పేలిపోతోంది. ఆ మంటో ఈ మంటో తెలుసుకోలేకపోయాను. సాయంత్రానికి..." మళ్ళీ సున్నంలో వేళ్ళు ముంచింది. "నువ్వు పుట్టినప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. నా కూతుర్ని మాత్రం బిడ్డకి ఐదో నెల రాకుండా ఎవరింటికీ పంపను అని. ఆ ఒట్టే నీ కొంప ముంచుతుందని నాకేం తెలుసమ్మా!"

దేవకుమారి పాపను గుండెలకి అదుముకుంది. ఎంతమాట అంది తను! నూనె రాసుకో అంది! దేవుడా, ఆ చేతులు ఏ నిప్పుకి భయపడి కొబ్బరినూనె పట్టుకున్నాయో తెలియకుండా ఎంతమాట అంది!

"అమ్మా, నన్ను క్షమించవే!" అంటూ పాపను తీసుకొచ్చి తల్లి ఒళ్ళో పెట్టబోయింది. ఎలీసమ్మ కంగారుగా చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దే! నిన్ననే పనికి వెళ్ళొచ్చాను, కందిపోతుంది..."

దేవకుమారి పాపను చంకనేసుకునే ఇంటికి పరుగెత్తింది. కొబ్బరినూనె సీసా తెచ్చి, అందరూ చూస్తుండగానే, ఆ సమాధుల మధ్య పాపను పక్కన కూర్చోబెట్టుకుని తల్లి చేతులకి ఒక్కొక్క వేలికీ నూనె పట్టించింది. తుడిచి మళ్ళీ పట్టించింది. కన్నీళ్ళు నూనెలో పడుతుంటే వాటినీ కలిపే రుద్దింది. అప్పుడు పాపను ఇచ్చింది. కెజియా అమ్మమ్మ ముక్కు పట్టుకుని లాగింది. ఎలీసమ్మ ఏడుస్తూనే నవ్వింది.

ఆ తర్వాత ఎలీసమ్మ తొడిమల పనికి పోలేదు. పత్తి తీతకి వెళ్ళింది. పత్తి చేతులు గీరుకుపోతాయి గానీ మంట పుట్టించవు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఫిలిప్ ఫోన్. "దేవీ... కొత్త ఉద్యోగం దొరికింది. ఊరికి చాలా దూరం, ఎడారిలో చమురు బావుల దగ్గర. జీతం... గీత దాటింది."

దేవకుమారి కేక పెట్టింది! ఫోను పట్టుకునే చేల గట్ల వెంట పరుగెత్తి, పత్తి చేలో ఉన్న తల్లిని కౌగలించుకుంది. "అమ్మా, దాటేసింది! ఇంక వీసా వచ్చినట్టేనే!" చేలో ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ఆ హడావుడిలో, అవతల ఫిలిప్ గొంతు మూగబోయిందని ఎవరూ పట్టించుకోలేదు. "ఏప్రిల్లో సెలవు మీద వస్తున్నాను... వచ్చాక మాట్లాడుకుందాం" అని మాత్రం అన్నాడు.

ఇంకేముంది! అటక మీది సూటుకేసులు మళ్ళీ కిందికి దిగాయి. ఎలీసమ్మ మంచి మిరపకాయలు ఏరి ఎండబెట్టింది. ఈసారి తను ముట్టుకోకుండా ఇంకొకరి చేత దంచించింది. పుల్లమ్మ కనిగిరి నుంచి కంది బేడలు మోసుకొచ్చింది. "ఈ పాలి నేను దగ్గరుండి విమానం ఎక్కిస్తానొదినా! నీ లెక్కల్ని నేను నమ్మను!" అని ఎగతాళి చేసింది. ఎలీసమ్మ కూడా నవ్వింది. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో నవ్వులు వినిపించాయి.

ఏప్రిల్లో ఫిలిప్ వచ్చాడు. ఆటో దిగగానే కూతురి కోసం చేతులు చాపాడు. ఏడాది నిండిన కెజియా ఆ గడ్డం మనిషిని చూసి కెవ్వున ఏడ్చి అమ్మమ్మ కొంగులో దూరిపోయింది. ఫిలిప్ చాపిన చేతులు అలాగే కాసేపు గాలిలో ఉండి, కిందికి దిగాయి. "కొత్త కదయ్యా, రెండ్రోజుల్లో అదే వస్తుంది" అంది ఎలీసమ్మ నొచ్చుకుంటూ.

"ముందు ఆ పెట్టె తియ్యరా! పెళ్ళానికి ఏం తెచ్చావో చూద్దాం!" అని పుల్లమ్మ తొందర పెట్టింది.

ఫిలిప్ పెట్టె తెరిచాడు. పైన ఆకుపచ్చ గుడ్డ మడత పెట్టి ఉంది. దేవకుమారి నవ్వుతూ తీసి విప్పింది. నవ్వు మొహం మీదే ఆరిపోయింది. అది చీర కాదు. తను కుట్టిన కర్టెను! దాని కింద చిన్న ప్రెజర్ కుక్కర్... మూతకి తను చుట్టిన ఎర్రదారం ఇంకా అలాగే ఉంది. తన ఇంటి చెప్పులు. పోపుల డబ్బా. గూట్లో పెట్టుకున్న బైబిలు. అన్నీ తనవే! కాన్పయ్యాక తిరిగొస్తాను కదా అని ఎక్కడివి అక్కడే వదిలి వచ్చిన తన కాపురం సామాను!

"ఇవి... ఇవెందుకు తెచ్చారండీ?"

"ఇల్లు ఖాళీ చేశాను దేవీ."

ఫిలిప్ తల వంచుకుని, ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెప్పాడు. ఎడారిలో అంతా క్యాంపేనట. గదికి ఎనిమిది మంది మగవాళ్ళు. ఆడవాళ్ళకి, పిల్లలకి అక్కడ చోటు లేదు. కుటుంబాన్ని రప్పించుకోవాలంటే జీతం ఒక్కటే చాలదు. ఊళ్ళో తన పేరున అద్దె ఇల్లు ఉండాలి, తను ఆ ఇంట్లోనే నివసించాలి! క్యాంపులో ఉండేవాడు ఊళ్ళో ఎలా కాపురముంటాడు? ఊళ్ళోకి తిరిగి వస్తే పాత ఉద్యోగం, పాత జీతం... మళ్ళీ గీత కిందే!

"జీతం ఉంటే ఇల్లు లేదు దేవీ... ఇల్లుంటే జీతం లేదు! ఎలాగైనా ఒప్పిస్తాననుకున్నాను. తిరగని ఆఫీసు లేదు. ఫోన్లో నువ్వు అంత సంతోషంగా అరిచావు చూడు... ఇంక నాకు నోరు పెగల్లేదు!"

"అయ్యో నా కొడకా!" అంటూ పుల్లమ్మ నెత్తి కొట్టుకుంది. అంతలోనే ఏం తోచిందో, గిరుక్కున తిరిగి ఎలీసమ్మ రెండు చేతులూ పట్టేసుకుంది. "వదినా, నా నోరు పడిపోను! నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను! నువ్వు కాదే ఈ కాపురం కూల్చింది... ఎవురిని తిట్టాల్నో కూడా నాకు తెలియటం లేదొదినా!" వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు.

దేవకుమారి ఏడవలేదు. కుక్కర్ని ఒళ్ళో పెట్టుకుని ఆ ఎర్రదారాన్నే తడుముతూ కూర్చుంది.

"మానేసి వచ్చేయనా దేవీ? నువ్వు ఊఁ అను చాలు" అన్నాడు ఫిలిప్. "మధ్యలో మానేస్తే మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. అయినా సరే. రెండేళ్ళు చేస్తే ఇదే జీతంతో ఊళ్ళోకి మారుస్తామని మేనేజరు అంటున్నాడు గానీ..."

"రాసిచ్చాడా?"

"లేదు. నోటిమాట."

దేవకుమారి ఆ మొహంలోకి చూసింది. పీక్కుపోయిన బుగ్గలు, ఎండకి మాడిన చెవులు... ఈ మనిషి ఆరేళ్ళుగా ఆ ఒక్క గీత కోసమే బతికాడు. ఆశ తెంచేసి రమ్మంటే రేపే వచ్చేస్తాడు. కానీ ఓడిపోయి వచ్చానన్న దిగులు అతన్ని బతకనివ్వదు. అక్కడే ఉండమంటే తనకి ఈ రెండేళ్ళు... ఆ తర్వాత ఇంకెన్నేళ్ళో! 'ఇక్కడే ఉండిపోండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటను మింగేసి, "వెళ్ళండి" అంది. "పాపకి మీరు అలవాటయ్యేదాకా ఉండి, వెళ్ళండి."

పాప అలవాటయ్యేసరికి సెలవు అయిపోయింది! ఆఖరి రోజు మధ్యాహ్నం కెజియా తనంతట తానే పాక్కుంటూ వచ్చి ఫిలిప్ గుండెల మీద ఎక్కి నిద్రపోయింది. సాయంత్రం బస్సు. నిద్ర లేపడానికి అతనికి మనసొప్పలేదు. ఎలీసమ్మే నూనె రాసిన మెత్తటి చేతులతో, పిల్ల కదలకుండా, మెల్లగా అతని మీదనుంచి తీసుకుంది. ఫిలిప్ చొక్కా మీద పాప చెమట మరక అలాగే ఉంది. ఆ చొక్కాతోనే బస్సెక్కాడు.

జూలై వచ్చింది. నల్లరేగడిలో పత్తి గింజలు పెడుతున్నారు. ఆ పొద్దున అంగన్‌వాడీ టీచరు సైదా పిల్లల బరువులు చూసుకుంటూ ఆ ఇంటికి వచ్చింది. కిటికీకి ఆకుపచ్చ కర్టెను వేలాడుతోంది. పొయ్యి మీద చిన్న కుక్కరు. దేవకుమారి బియ్యం చేటలో మెరికలు ఏరుతోంది. వాకిట్లో కెజియా బుడిబుడి అడుగులేస్తూ కోడిపిల్ల వెంట పడుతోంది.

"అక్కా, పాపకి ఎన్నో నెల?" అడిగింది సైదా, పెన్ను తీస్తూ.

దేవకుమారి తల ఎత్తకుండానే చెప్పింది. "మూడో నెల."

సైదా పకపకా నవ్వింది. "అదేంటక్కా! పరుగులు పెట్టే పిల్లకి మూడో నెలేంటి?"

దేవకుమారి చేతిలో చేట ఆగిపోయింది. తనేం అన్నదో అప్పుడు తెలిసింది. ఫిలిప్ బస్సెక్కి మూడో నెల... బిడ్డ పుట్టి కాదు! చేటలో బియ్యం మీద టపటపా నీటిబొట్లు పడ్డాయి.

పంచలోంచి ఎలీసమ్మ గబగబా లేచి వచ్చింది. కూతురి ఒళ్ళోంచి చేట తీసి పక్కన పెట్టి, ఆ తలను తన కడుపుకి ఆనించుకుంది.

"పదహారో నెలమ్మా" అంది సైదాతో. "అది రాసుకో. దీని లెక్క వేరే."

సైదా నవ్వు ఆపేసి, రాసుకుంది.